రెండేళ్ల గ్యాప్

విజయవాడలో ఏలూరు రోడ్డు పక్క సందులో, ఒక మందుల షాపు పైన, మాదొక చిన్న ట్రైనింగ్ సెంటర్. చదువు ముగించి ఉద్యోగాల కోసం తిరిగే పిల్లలకి మూడు నెలలపాటు కంప్యూటరూ, ఇంగ్లీషూ, ఇంటర్వ్యూలో మాట్లాడే పద్ధతీ నేర్పుతాం. మొదటి రెండూ వేరేవాళ్లు చెబుతారు. మూడోది పన్నెండేళ్లుగా నాదే.

ఎవరి రెజ్యూమె నా చేతికొచ్చినా ముందు సంవత్సరాలు చూస్తాను. చదువు ఎప్పుడు అయిపోయింది, ఇప్పుడు ఏ ఏడు, మధ్యలో ఏముంది. మధ్యలో ఏమీ లేకపోతే దాన్ని గ్యాప్ అంటారు. దానికి నా దగ్గర ఒకటే మందు ఉండేది: కాంపిటీటివ్ ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అయ్యాను. మా వైపు ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్లల గురించి పెద్దవాళ్లు చుట్టాలకి చెప్పే మాటే అది. గ్రూప్స్ రాస్తున్నాడనో, బ్యాంకుకి చదువుతోందనో అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు, పరువు దక్కుతుంది. ఆ మాటనే నేను కాగితం మీద పెట్టించేదాన్ని. "మీ చేతిలో పడితే జైలుకెళ్లొచ్చినవాడు కూడా బ్యాంకు పరీక్ష రాసొచ్చినట్టే ఉంటాడండీ" అని తోటి టీచర్లు వేళాకోళం చేసేవారు. నాకు లోపల గర్వంగానే ఉండేది.

నిరుడు వేసవి బ్యాచ్‌లో పామర్రు దగ్గర ఊరి నుంచి ఒకమ్మాయి చేరింది. రోజూ బస్సులో వచ్చి వెళ్లేది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా, మంచి మార్కులు, ఆ తర్వాత రెండేళ్లు. ఆ రెండేళ్లకి ఎదురుగా తన గుండ్రటి అక్షరాలతో ఒక లైను రాసుకుంది, నాన్న షెడ్డులో ట్రాక్టర్లు రిపేరు చేశానని.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"మా నాన్నకి రోడ్డు మీద షెడ్డుందండీ. ఫ్యాన్ బెల్టులో పడి కుడిచెయ్యి రెండు వేళ్లు పోయినయ్యండీ. పట్టు లేదు. అప్పట్నించీ నేనే చేస్తున్నానండీ. ఇంజిన్ పని కూడా."

"సర్టిఫికెట్ ఉందా?"

"షెడ్డుకి సర్టిఫికెట్ ఎవరిస్తారు మేడమ్?"

ఎర్ర పెన్ను తీసి ఆ లైను కొట్టేశాను. షెడ్డులో పని చేశానంటే చిన్నచూపు చూస్తారని, ఆడపిల్లవి కాబట్టి ఇంకా చూస్తారని, బ్యాంకు పరీక్షలకి చదివానని చెప్పమని అన్నాను. గోళ్ల సందుల్లో గ్రీజు నల్లగా పట్టేసి ఉంటే నిమ్మచెక్కతో రుద్దుకోమన్నాను. మర్నాటి నుంచి రుద్దుకుంటూనే వచ్చింది. నాలుగు రోజులకి చేతులు ఎర్రగా కమిలిపోయాయి గానీ నలుపు పోయింది. బాగున్నాయని మెచ్చుకున్నాను కూడా.

ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. మా నాన్న పెళ్లిళ్లలో వంట చేసేవారు. నా మొదటి ఇంటర్వ్యూలో నాన్నగారేం చేస్తారని అడిగితే, కేటరింగ్ బిజినెస్ అన్నాను. ఉద్యోగం వచ్చింది. ఆ మాట వల్లే వచ్చిందని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఇంటికెళ్లి నాన్నకి స్వీటు పెట్టాను గానీ ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

ఆటోనగర్‌లో ఒక ట్రాక్టర్ల డీలరు దగ్గర సర్వీసు సెక్షన్లో ఒక పోస్టు పడింది. బండి తెచ్చిన రైతుతో మాట్లాడి, లోపమేమిటో కనుక్కుని, మెకానిక్కులకి రాసిచ్చే పని. మా పిల్లలు ఎనిమిదిమందిని తీసుకెళ్లాను. ఈ అమ్మాయికి ఆ ఉద్యోగం కావాలి, మిగతావాళ్లకి ఏదో ఒక ఉద్యోగం కావాలి. తేడా వాళ్ల మొహాల్లోనే తెలిసిపోతోంది. తండ్రి ఇక పానా పట్టలేడు, షెడ్డు అద్దెకిచ్చేద్దామని ఇంట్లో అనుకుంటున్నారు. ఇల్లు ఈ అమ్మాయి జీతం మీదే నడవాలి.

సర్వీసు మేనేజరు పెద్దాయన. సెంటరు తరఫున నన్నూ లోపలే కూర్చోమన్నాడు. కాగితం చూసి, "ఈ రెండేళ్లూ ఏం చేశావమ్మా?" అని అడిగాడు. అమ్మాయి ఒక్కసారి నావైపు చూసి, నేను నేర్పినట్టే, తడుముకోకుండా చెప్పింది.

ఆయన కాగితం కింద పెట్టేశాడు. "బ్యాంకుకి చదివే పిల్లవి ట్రాక్టర్ల దగ్గరికెందుకు వచ్చావు తల్లీ? ఆర్నెల్లు మేం పని నేర్పాక, బ్యాంకు వచ్చిందని వెళ్లిపోతావు. పోయినేడు ఒకబ్బాయి అట్టాగే పోయాడు." నావైపు తిరిగి, "మాకు బండి తెలిసినవాళ్లు కావాలండీ. అది లేకపోతే కనీసం ఉండేవాళ్లన్నా కావాలి" అన్నాడు.

అప్పుడు నోరు తెరిచి ఒక్క మాట చెబితే చాలు. ఈ పిల్లకి బండి తెలుసండీ, ఆ లైను నేనే కొట్టేశానండీ అంటే సరిపోయేది. కానీ కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది; బయట కూర్చున్న మిగతా ఏడుగురిలో నలుగురి కాగితాల్లో అదే వాక్యం, నా వాక్యం ఉంది. నేను మాట్లాడలేదు. అమ్మాయి నా మొహంలోకి చూస్తూనే ఉంది. కాసేపటికి చూపు తిప్పేసుకుని లేచి, థాంక్యూ సర్ అంది. అది కూడా నేను నేర్పిందే.

బయటికొస్తుంటే ఆవరణలో ఒక ట్రాక్టరు స్టార్టు చేస్తున్నారు. నల్లగా పొగ తోసుకొస్తోంది. అమ్మాయి ఒక్క క్షణం ఆగి విని, "డీజిల్ నాజిల్ కారుతోంది" అంది మెల్లగా. ఎవరితోనూ కాదు. పక్కన నిలబడ్డ ఇద్దరు మెకానిక్కులు ఇంకా ఎయిర్ ఫిల్టర్ విప్పుతున్నారు. తను గేటు దాటి వెళ్లిపోయింది. అప్పుడైనా వెనక్కి వెళ్లి చెప్పొచ్చు. వెళ్లలేదు.

తర్వాత నాలుగు రోజులు క్లాసుకి రాలేదు. ఫోను ఎత్తలేదు. ఆదివారం పామర్రు బస్సెక్కాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే ఉన్నాను, ఏదీ కుదరలేదు.

రేకుల షెడ్డు. ముందు బురద ఎండిన ట్రాక్టరొకటి, దాని కింద నుంచి రెండు కాళ్లు కనిపిస్తున్నాయి. పక్కన స్టూలు మీద కూర్చుని తండ్రి ఎడమచేత్తో పానాలు అందిస్తున్నాడు. నేనెవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"మేడం గారా! కూర్చోండి కూర్చోండి. అమ్మాయి చెప్పిందండీ, ఎక్కువ మార్కులొచ్చినాళ్లకి ఇచ్చారంటగా ఉద్యోగం. మీరు చాలా కష్టపడి నేర్పారంట. అదృష్టం లేదు, ఏం చేస్తాం."

నాకు తల కొట్టేసినట్టయింది. నన్ను కాపాడటానికి తండ్రితో అబద్ధం చెప్పింది.

ఆయన చెప్పుకుపోతున్నాడు. "ఆడపిల్ల బండి కింద దూరి పడుకుంటందేందయ్యా అని ఊళ్లో నవ్వారండీ. వచ్చిన బండి వచ్చినట్టే వెనక్కి తీసుకుపోయినోళ్లున్నారు. అది ఊరుకోలా. ఒక్కో బండీ బాగుచేసుకుంటా, ఆళ్లనే మళ్లీ రప్పించింది. అందుకే ఆఫీసుకి పంపిద్దామనుకున్నానండీ. చదువుకున్నోళ్లు నవ్వరుగా, దీని పనికి ఇలువిస్తారని."

ఆయన మాట అయిపోయేదాకా కూడా ఆగలేకపోయాను. లైను కొట్టేసిన సంగతీ, మేనేజరు అన్న మాటా, నేను నోరు మూసుకుని కూర్చున్న సంగతీ మొత్తం చెప్పేశాను. పన్నెండేళ్ల నా గర్వం మీద ఆ రేకుల కింద నాకే అసహ్యం వేసింది. ఏడ్చాను కూడా. దాచడం దేనికి.

ఆయన తన కుడిచెయ్యి చూసుకున్నాడు. "నా షెడ్డు పేరు పెడితే చులకనవుద్దనుకున్నారా అండీ?" అన్నాడు. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అవునండీ అన్నాను. బండి కింద పానా చప్పుడు ఆగిపోయింది.

సోమవారం అమ్మాయిని వెంటబెట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. తన గోళ్లు మళ్లీ నల్లబడ్డాయి, ఈసారి నేనేమీ అనలేదు. మేనేజరు ముందు నిలబడి, ఆ అబద్ధం నాదండీ అన్నాను. ఆయన అంతా విని అమ్మాయిని నాలుగు ప్రశ్నలడిగాడు. ప్రశ్నలు నాలుగే గానీ జవాబులు పావుగంట నడిచాయి. మధ్యలో ఒక మెకానిక్కుని పిలిచి మొన్నటి ట్రాక్టరు సంగతి కనుక్కున్నాడు. నాజిలేనట.

"మొన్నే ఈ మాట చెప్పుంటే ఆ కుర్చీ నీదేనమ్మా. శనివారం వేరే ఆయన్ని తీసుకున్నాం" అన్నాడు. "కింద వర్క్‌షాపులో ట్రైనీగా వస్తావా? జీతం సగమే. ఆ కుర్చీలో ఆయన రాసిచ్చింది చెయ్యాలి."

"వస్తానండీ" అంది.

నన్ను కూర్చోబెట్టి, మీ సెంటరు కాగితాలు ఇక చూడనండీ అని మర్యాదగానే చెప్పాడు. న్యాయమే. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే కాలిన మంట పోతుందా. ఆ మంట నాకంటే ఎక్కువ ఆ పిల్లకే తగిలింది. ఇప్పటికీ తనకి రావలసిన కుర్చీలో వేరే ఆయన కూర్చుని రాస్తాడు, తను చేస్తుంది.

ఆ రోజు సిటీ బస్సు కోసం నిలబడ్డాం. క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటున్నాను. తనే మాట్లాడింది.

"మీ నాన్నగారేం చేసేవారు మేడమ్?"

అలవాటుగా బిజినెస్ అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "పెళ్లిళ్లలో వంట చేసేవారమ్మా."

"ఎంతమందికి చేసేవారండీ?"

"వెయ్యిమందికి కూడా చేసేవారు. గాడిపొయ్యి మీద, గుండిగల్లో. వడ్డించేముందు రుచి చూడకూడదు, ఎంగిలవుతుందని. అయినా ఉప్పు ఎప్పుడూ తప్పేది కాదు."

అమ్మాయి కళ్లు వెలిగాయి. పనివాళ్లు ఇంకొకరి పని గురించి విన్నప్పుడు వెలిగే వెలుగు అది. "చూడకుండా ఎట్టా తెలిసేదండీ? వాసనకా, ఉడుకుతున్న చప్పుడుకా?"

నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. "తెలియదమ్మా" అన్నాను. "ఎప్పుడూ అడగలేదు."