అప్పజెప్పించుకునే పిన్ని

మా పిన్నికి మనిషి దొరికితే చాలు, కణాల గురించి చెప్పందే వదలదు. పోనీ చెప్పి ఊరుకుంటుందా అంటే అదీ లేదు. "ఏదీ, ఇప్పుడు నువ్వు చెప్పు" అని అప్పజెప్పించుకుంటుంది. అందుకే ఆవిడ వీధిలోకి వస్తుంటే తెలిసినవాళ్ళు పక్క సందులోకి తిరుగుతారు. తెలియనివాళ్ళు దొరికిపోతారు.

ఆవిడ చేసేది చిన్న పనేమీ కాదు. క్యాన్సర్ రోగి రక్తంలోంచి టి-కణాలనే రక్షక కణాలను తీసి, వాటికి కొత్త జన్యువు ఎక్కించి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే చూపునిచ్చి, కోట్లకొద్దీ పెంచి, మళ్ళీ ఆ రోగికే ఎక్కించే చికిత్స మీద పరిశోధన. మా ఆసుపత్రి వెనక భవనంలో ఆవిడ ల్యాబు. ముందు భవనంలో, క్యాన్సర్ వార్డులో నేను నర్సుని. రెంటికీ మధ్య ఉన్న లిఫ్టు ఆవిడ తరగతి గది.

ఓసారి జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళి, ఒకవైపు మాత్రమే కత్తిరించుకుని వచ్చింది.

"రెండో వైపు ఏమైంది?" అన్నాడు బాబాయి హడలిపోయి.

"కత్తిరించే ఆయన సగంలో అప్పజెప్పలేక చేతులెత్తేశాడండీ. రేపు మళ్ళీ వెళ్ళాలి."

పంటి డాక్టరు తెలివైనవాడు. ముందే నోటినిండా దూది కుక్కేశాడు. పిన్ని చేతులతో చెప్పింది.

"పెళ్ళైన కొత్తలో మీ పిన్ని నా కళ్ళలోకి అదేపనిగా చూస్తుంటే ప్రేమనుకున్నానే" అన్నాడు బాబాయి నాతో. "నాకు అర్థమైందా లేదా అని చూసేదట!"

ఇవన్నీ ఒక ఎత్తు, ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక ఎత్తు. ఓ సాయంత్రం బాబాయి ఫోను. "మీ పిన్ని గ్రౌండులోకి దిగిపోయింది. నువ్వు వెంటనే రా!"

వెళ్ళేసరికి విరామం అయిపోయింది. పిన్ని మాత్రం గోలు స్తంభానికి ఆనుకుని గోల్‌కీపర్‌ని పట్టుకుని ఉంది.

"ఎదుటి జట్టువాడు మీ చొక్కా వేసుకుని వస్తే ఎలా పట్టుకుంటావు?"

"మా కెప్టెన్ని అడుగుతానండీ."

"కెప్టెనూ మోసపోతే?"

పాపం, అతను నిజంగానే ఆలోచనలో పడ్డాడు. బంతి అతని పక్కనుంచి దర్జాగా లోపలికి వెళ్ళింది. మైదానమంతా కేకలు. "అర్థమైందండీ, బాగా అర్థమైంది!" అన్నాడతను ఏడుపు గొంతుతో.

"అయితే ఏదీ, చెప్పు."

నేనూ బాబాయీ చెరో రెక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చాం.

అప్పటికి మా వార్డులో ఒక ఫుట్‌బాల్ రిఫరీగారు ఉన్నారు. రక్తపు క్యాన్సర్. మిగతా మందులు పనిచేయలేదు. ఈ చికిత్స ఒక్కటే దారి. ఆయన ససేమిరా అన్నారు.

"నా కణాలను మార్చి నాకే ఎక్కిస్తారా? రూలేంటో తెలియకుండా ఆట మొదలుపెట్టే అలవాటు నాకు లేదు." డాక్టరుగారు ఎంత చెప్పినా ఆయన తల అడ్డంగానే ఊగింది. ఆయన భార్య కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మ్యాచ్ జరిగిన మర్నాడు పిన్ని వచ్చి ఆయన మంచం పక్కన కుర్చీ లాక్కుంది. దొంగ చొక్కాతో మైదానంలో తిరిగేవాళ్ళు, వాళ్ళ బూటు మీద ఒక గుర్తు, ఆ గుర్తు కనిపెట్టేలా తర్ఫీదిచ్చిన మనవాళ్ళు. ఒక్కచోట కూడా తడబడకుండా చెప్పింది.

రిఫరీగారు కళ్ళు చికిలించారు. "మనలో మంచి ఆటగాడి బూటు మీదా అదే గుర్తుంటే?"

"కొందరికి ఉంటుంది. వాళ్ళూ పోతారు. ఆ లోటుకి మందులిస్తాం. జ్వరం విపరీతంగా రావచ్చు. కొన్నాళ్ళు మతి తడబడొచ్చు. తప్పకుండా నయమవుతుందనీ చెప్పను."

ఈసారి ఆయన తల నిలువుగా ఊగింది. "దాచకుండా చెప్పారు. సరే, కానివ్వండి."

వరండాలోకి రాగానే అడిగాను. "ఫుట్‌బాల్ ఎప్పుడు నేర్చుకున్నావు పిన్నీ?"

"నిన్ననే. ఆయన ఒప్పుకోవట్లేదని మీ డాక్టరు చెప్పాడు. ఆ గోల్‌కీపర్ మొహం చూశాక నా మాట ఎక్కడ మెలికపడుతోందో తెలిసింది."

"మరి ఆ జుట్టు గొడవ?"

"అప్పుడు మీ వార్డులో సెలూన్ నడిపే ఆవిడ పేషెంటుగా ఉండేది కదే! భయంతో ఉన్న మనిషి ముందు నేను తడబడకూడదు. ఆ తడబాటంతా బయటే అయిపోవాలి."

"పంటి డాక్టరు?"

"అది ఊరికే. ఖాళీగా కూర్చోవడం దేనికని."

కణాలు ఎక్కించాక జ్వరం రానే వచ్చింది, ఆయన్ని కుదిపేసింది. ఆ రోజుల్లో పిన్ని లిఫ్టులో ఎవరితోనూ మాట్లాడలేదు. అందరూ కంగారుపడ్డారు. మెల్లగా జ్వరం దిగింది. తర్వాత పరీక్షల్లో క్యాన్సర్ కణం కనబడలేదు.

మొన్న రిఫరీగారు చెకప్‌కి వచ్చి, చికిత్సకు భయపడుతున్న ఓ కొత్త పేషెంటు పక్కన కూర్చుని తనే చెప్పడం మొదలుపెట్టారు. పిన్ని ఆగలేక, "అది కాదండీ, అక్కడ కాస్త..." అంటూ దూరింది.

ఆయన మాట ఆపలేదు, తల తిప్పలేదు. జేబులోంచి, తప్పు చేసిన ఆటగాణ్ణి హెచ్చరించే పసుపు కార్డు తీసి పైకెత్తారు.

పిన్ని నోరు మూసుకుని వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. ఆవిడ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.