ఫుట్‌బోర్డు మీదవాడు దిగేదాకా: నూజివీడు ప్రయాణం

చెట్టున పండిన చిన్న రసాల మామిడిపళ్లు ఆ చెట్టు కిందే కూర్చుని తినాలని నా గోల. మెడికల్ కాలేజీలో మందుల పాఠం చెప్పే మా ఆయనకేమో సెమినార్ బెంగ. "తోటకి తీసుకెళ్తా గానీ, దారంతా నా సెమినార్ వినాలి" అన్నారు. ఎనభైల మధ్యలో, మా పెళ్లయిన తొలి వేసవి. బెజవాడలో ఆరింటి బస్సెక్కితే ఆగిరిపల్లి మీదుగా రెండు గంటల లోపే నూజివీడు. టికెట్టు ఐదారు రూపాయలు. రసాలకి చోటుండాలని ఆయన ఇడ్లీ కాదు కదా, కాఫీ కూడా ముట్టలేదు.

బస్సు కదలగానే పాఠం మొదలు. మెదడులో నరాల మీద సన్నటి ద్వారాలుంటాయట. గ్లూటమేట్ అనే రసాయనం వచ్చి తడితే తెరుచుకుంటాయి, కబురు లోపలికి పోతుంది. కెటమైన్ అనే మత్తుమందు అణువు, తలుపు తెరుచుకున్నప్పుడే దూరి దారి మధ్యలో తిష్ఠ వేస్తుందట. నేను ఆవలించాను. ఆయనకి ఒళ్లు మండింది. ఖాళీ గంపతో ఫుట్‌బోర్డు మీద అడ్డంగా నిలబడ్డవాణ్ణి చూపించి, "అదిగో కెటమైన్! తలుపు తెరిచే ఉంది, ఒక్కడైనా ఎక్కగలుగుతున్నాడా? వాడి స్టేజీ వస్తే దిగిపోతాడు. తలుపుకేం కాదు, బస్సుకేం కాదు" అన్నారు. ఇది మాత్రం నా బుర్రకెక్కింది.

నూజివీడు నుంచి చాట్రాయి రోడ్డులో ఉన్న తోటకి రిక్షాలో వెళ్లాం. కాపలా ఉండే సాంబయ్య చిక్కం, అంటే గడకి కట్టిన వల సంచి, తెస్తానంటుంటే ఈయన ఆగితేనా!

"ఎక్కమాకండి బాబూ, కొమ్మ నిండా ఎర్రచీమలున్నాయి" అన్నాడు సాంబయ్య. ఎక్కారు. చీమలు పట్టేశాయి, చెయ్యి వదిలేశారు, కింద పడేసరికి కుడి భుజం కీలు తప్పింది. కాయలు తోలే ట్రాక్టరు మీదే ఊళ్లో ఆసుపత్రికి చేర్చాడు సాంబయ్య.

"ఏమన్నా తిన్నారా?" అన్నారు డాక్టరుగారు.

"ఒక్క కాయ కూడా లేదండీ" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"మంచిదే అయిందమ్మా, మత్తుకి ఖాళీ కడుపే మేలు. కెటమైన్ ఇచ్చి కీలు సరిచేస్తా."

పని అయ్యాక మమ్మల్ని లోపలికి పిలిచారు. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి, కనుపాపలు అటూ ఇటూ ఆడుతున్నాయి, మనిషి మాత్రం అక్కడ లేడు. ఇక ఈయన నాకు దక్కరేమో అనుకున్నాను.

"బాబుగారు మనల్ని చూత్తన్నారా, లేదా అమ్మా?" అన్నాడు సాంబయ్య.

"తలుపు తెరిచే ఉంది సాంబయ్యా. ఫుట్‌బోర్డు మీద ఒకడు అడ్డంగా నిలబడ్డాడు. దిగుతాడు" అన్నాను. అతనికి చెప్పానో, నాకు నేనే చెప్పుకున్నానో! ఆయన చెవి దగ్గర చేరి "ఏవండీ, వాడు దిగాడా?" అని అడుగుతూనే కూర్చున్నాను. గంట గడుస్తుండగా పెదవులు కదిలాయి.

"స్టేజీ... వచ్చిందే. దిగుతున్నాడు."

భోరుమన్నాను.

ఆ అణువు దారి మధ్యలో కూర్చుంటుందన్నది అప్పట్లో ప్రయోగాల మీద వేసిన అంచనాయే, కళ్లతో చూసినవాళ్లు లేరు. ఇన్నేళ్లకి ఆ ద్వారాన్ని అతిచలిలో గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసిన బొమ్మ వచ్చింది: నాలుగు ముక్కలు కలిసిన గొట్టం, దాని నడుమ కెటమైన్. మా ఆయన అది చూపిస్తే, "వీడి గంప ఏదండీ?" అన్నాను. మీరు తోటకి వెళ్తే కాయ చిక్కంతోనే కోయించుకోండి, ముచ్చిక గిల్లి సొన కారాకే తినండి. దారిలో పక్కవాళ్లు పాఠం చెబితే మాత్రం ఆవలించకండి. ఆ గంటసేపు నన్ను నిలబెట్టింది నేను సగమే విన్న పాఠం.