మాడిన పాల చాయ్

ఈ ఉదయం కుళాయి విప్పగానే క్లోరిన్ వాసన గుప్పుమంది. చాంద్రాయణగుట్టలో మా పక్కింటావిడ ముక్కు మూసుకుంటే, నేను బిందె మీదికి వంగి మరోసారి పీల్చాను. ఆ వాసన తగిలితే నాకు ప్రాణం లేచి వస్తుంది. కరోనా వచ్చి తగ్గాక నాలుగు నెలలు నాకు ఏ వాసనా తెలియలేదు. ఆ రోజులు తలుచుకుంటే డేవిడ్ సారే గుర్తొస్తారు.

ఊరి చివరి రసాయన కర్మాగారంలో ఆయన షిఫ్ట్ ఇన్‌ఛార్జి, నేను ఆయన కింద కెమిస్టుని. దబీర్‌పురా స్టేషన్ దగ్గర ఆయన ఇల్లు. వేరే తయారీల్లో మిగిలిపోయిన హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును ఆక్సిజన్‌తో కలిపి, వేడి ఉత్ప్రేరకం గుళికల మీదుగా పంపి క్లోరిన్‌ను తిరిగి రాబట్టడం మా పని. చేరిన రోజు నేను పుస్తకంలోని సమీకరణం అప్పజెబితే ఆయన నవ్వారు.

"గదంత ఎందుకు బిడ్డా. హైడ్రోజన్‌కు, క్లోరిన్‌కు విడాకులిప్పించి, హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌కిచ్చి పెండ్లి జేస్తయి ఈ గుళికలు. ఇంత లొల్లి జేసి తమకేం తెల్వనట్టు కూసుంటయి. విడిపోయిన క్లోరిన్‌తోనే మనకు ఫికర్."

ఆయనకో అలవాటుండేది. షిఫ్ట్ మొదలయ్యే ముందు అందరినీ గేటు దగ్గర నిలబెట్టి, "ఇయ్యాల నీకేం బాగలేదు?" అని ఒక్కొక్కరినీ అడిగేవారు. ముందు తన సంగతి చెప్పేవారు. "నాకు ఎడమ చెవి సరిగ్గ వినొస్తలేదు. గట్టిగ మాట్లాడుండ్రి." ఒకరు నిద్ర లేదనేవారు, ఒకరు నడుము నొప్పి అనేవారు. కరోనా తగ్గి తిరిగి పనిలోకి వెళ్లాక, నేను మాత్రం తొమ్మిది రోజులు వరుసగా "ఏం లేదు సార్" అన్నాను. గోడలకు వాయువును కొలిచే మీటర్లున్నా, చిన్న లీకును ముందు పట్టేది ముక్కే అని అక్కడ అందరి నమ్మకం. ముక్కు పనిచేయని కెమిస్టుని ఎవరుంచుకుంటారు? నా జీతం లేకపోతే మా ఇల్లు గడవదు.

పదో రోజు ఇంట్లో నేనే చాయ్ కాచి ఫ్లాస్కులో తీసుకెళ్లాను. అందరూ ఒక గుక్క తాగి కప్పులు పక్కన పెట్టారు. నేను ఒక్కదాన్నే ఊదుకుంటూ పూర్తిగా తాగాను. డేవిడ్ సారు నన్ను పక్కకు పిలిచారు.

"మీ బాపుకు బర్రెలున్నయి గదా. పాలోళ్ల బిడ్డవు. పాలు మాడినయని నీకు తెలుస్తలేదా?"

నాకు ఏడుపు ఆగలేదు. "కొలువు పోతదని దాచిన సార్."

"వాసన పోవుడు తప్పు గాదు. దాచుడు తప్పు. లీకైతే నీ ఒక్కదాని పానమే పోతదా?"

ఆ మాటకు సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆయనే నన్ను మేనేజరు దగ్గరికి తీసుకెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పించారు. తర్వాత నా చేతికి అమ్మోనియా సీసా ఇచ్చారు. దాని ఆవిరి క్లోరిన్‌కు తగిలితే తెల్లటి పొగ లేస్తుంది. "ఇది కండ్లతోటి జేసే పని. మాస్క్ పెట్టుకో, నా ఎంబడి రా."

వారం తిరగకముందే, నేను సీసా పట్టగానే ఒక పైపు అతుకు దగ్గర సన్నటి తెల్లని పొగ గీత లేచింది. మావాళ్లు ఉదయం నుంచీ అటూ ఇటూ తిరుగుతూ "ఏం వాసన లేదు" అంటూనే ఉన్నారు. వాళ్ల ముక్కులు ఆ కొద్దిపాటి ఘాటుకు అలవాటుపడిపోయాయి. వాయువు ఆపి అతుకు విప్పితే లోపల సందు మూసే గాస్కెట్‌ను క్లోరిన్ సగం తినేసి ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళుతూ బస్సులో ఒళ్లు మరిచి నిద్రపోయాను, చాలా రోజుల తర్వాత.

నాకు వాసన తిరిగొచ్చిన రోజు మొదట ఫోన్ చేసింది ఆయనకే. "మస్తు సంతోషం బిడ్డా," అన్నారు. "ముక్కొచ్చిందని సీసా మూలకు పెట్టకు."

ఆయన రిటైరయ్యారు. ఇప్పుడు గేటు దగ్గర నేను నిలబడుతున్నాను. "నేను ఒకప్పుడు తొమ్మిది రోజులు అబద్ధమాడిన," అని ముందు నా సంగతి చెబుతాను. తర్వాత ఒక్కొక్కరినీ అడుగుతాను. ఎవరైనా "ఏం లేదు మేడమ్" అని తొందరగా అంటే, ఇంకాసేపు వాళ్ల ముందే నిలబడతాను.