ఎడమచేతి కత్తెర

మా మేనత్తను తోటలో అందరూ సానత్త అనేవారు. ద్రాక్షగుత్తులు కోసే కత్తెరలన్నిటికీ పదును పెట్టేది ఆవిడే. నోరు ఆకురాయికన్నా గరుకు. చేతికి తోలు తొడుగు లేకుండా ఎవరైనా కత్తెర అలుగు ముట్టుకుంటే, "వేళ్ళు ఎక్కువయ్యాయా నీకు?" అని కడిగేసేది. ముందు మర విప్పి, రెండు అలుగులూ విడదీసి, ఒక్కోదాన్నీ బల్లకు బిగించేది. వాలుగా ఉన్న పక్కన మాత్రమే, ఒంటికి దూరంగా, ఆకురాయిని ఒకే వైపుకి నడిపేది. చదునుపక్క జోలికి వెళ్ళేది కాదు. అక్కడ గీకితే అలుగుల మధ్య సందు పడుతుంది, ఆ కత్తెర ఇక దేనికీ పనికిరాదు.

అత్త చెల్లెలు, మా చిన్నత్త, ఎడమచేతి వాటం. ఆమె కోసం అలుగులు తిరగేసి చేసిన కత్తెర ఒకటి ఉండేది. చిన్నత్త జ్వరంతో పోయాక దాన్ని షెడ్డులో చివరి మేకుకు తగిలించారు. కొన్నాళ్ళకు ఆ కత్తెర పొద్దున్నే పచ్చి పసరుతో, మొండిబారి కనిపించడం మొదలైంది. చిన్నత్త కోసే వరుసలో గుత్తులు కోసి, బుట్టలో పొందిగ్గా పేర్చి ఉండేవి. షెడ్డు తాళంచెవి అత్త కొంగునే ఉండేది.

అత్త రోజూ దాన్ని దించి, పసరు తుడిచి, పదును పెట్టి, నూనె రాసి మళ్ళీ అక్కడే తగిలించేది. తిండి తగ్గింది. చెల్లెలి వరుసలోకి వెళ్ళి గంటలకొద్దీ నిలబడేది.

"ఇట్లా అయితే మీ అత్త నాకు దక్కదురా," అన్నాడు మామయ్య. "ఆ కత్తెర ఉన్నంతకాలం చెల్లెలి వెంటే పోతుంది." దయ్యాలు లేవని అందరితో వాదనకు దిగే మనిషి, గొంతు తగ్గించి అన్నాడామాట.

ఓ మధ్యాహ్నం అత్త భోజనానికి వెళ్ళినప్పుడు ఆ కత్తెర దించి, చదునుపక్క ఆకురాయితో గట్టిగా గీకేశాడు.

మర్నాడు కత్తెర శుభ్రంగా ఉంది. మామయ్య ముఖం తేటపడింది. అత్త అలుగును వెలుగుకు పెట్టి చూసి, తోటలోకి నడిచింది. మేం వెనకాలే వెళ్ళాం.

చిన్నత్త వరుసలో తీగల నిండా కాడలు మెలితిరిగి, పీచులు పీచులుగా వేలాడుతున్నాయి. గుత్తులు మాత్రం ఎప్పటిలాగే బుట్టలో పొందిగ్గా ఉన్నాయి. కొన్ని కాడలకు నెత్తురు అంటింది.

అత్త ఓ కాడ పట్టుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదలు. "కత్తెర పాడుచేస్తే పని మానేస్తుందనుకున్నావా? చూడు, గోళ్ళతో తెంపుతోందయ్యా."

మామయ్య ఆ పూటే బజారంతా తిరిగి కొత్త ఎడమచేతి కత్తెర ఒకటి తెచ్చాడు. సాయంత్రం అత్త దానికి పదును పెడుతుంటే పక్కనే కూచున్నాడు.

"పిడి దగ్గర గరుకు లేకుండా చూడవే," అన్నాడు. "అసలే దాని చెయ్యి పుండైపోయి ఉంటుంది."