కెప్టెన్ మామ చెప్పలేకపోయిన మాట

నా చిన్నప్పుడు చంద్రపూర్‌లో మా వీధి మొత్తానికి ఫోను మా బట్టల దుకాణంలోనే ఉండేది. ఎవరింటి కబురైనా ముందు మాకే తెలిసేది, దాంతో మాకు కాస్త గొప్పగానే ఉండేది. చావు కబురు విషయంలో మాత్రం మావాళ్లది ఒకటే పద్ధతి. పోయారని చెప్పరు. ఒంట్లో బాగాలేదట, బయల్దేరమంటారు. దారిలో గుండె పగలకూడదని వాళ్ల ఉద్దేశం.

ఒకరోజు పొద్దున పక్కింటి అక్క పుట్టింటి ఊరు గోండ్‌పిప్రి నుంచి ఆమె తండ్రి పోయాడని కబురొచ్చింది. అక్క ఆ ఇంటి కోడలు, రోజూ నాకు జడ వేసేది. ఆమె భర్త ఊళ్లో లేడు. చిన్నపిల్ల చెబితే అనుమానం రాదని మా నాన్నమ్మ నన్నే పంపింది.

“అక్కా, మీ నాయనకు పానం మంచిగ లేదంట. జల్ది రమ్మన్నరు,” అన్నాను నేల చూపులు చూస్తూ.

అక్క కంగారుపడింది గానీ ఏడవలేదు. “జరమొస్తే ఏం తినడు. సంత్రలైతే తింటడు,” అంటూ బజారుకు వెళ్లి, ఏరి ఏరి ఆ కమలాపండ్లు తెచ్చి సంచిలో సర్దసాగింది. మెత్తబడ్డవి పక్కన పెట్టి మంచివే వేస్తోంది. నేను చూడలేకపోయాను.

ఓడ కెప్టెన్‌గా పనిచేసే మా మేనమామ అప్పుడు సెలవు మీద మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన దగ్గరికి పరుగెత్తి సంత్రల సంగతి చెప్పాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తర్వాత ఒక దీవి గురించి చెప్పాడు.

అదొక చిన్న రేవు. చెక్క వంతెన, నాలుగు కొబ్బరిచెట్లు, ఎండలో పడుకున్న కుక్కలు, అంతే. ఆ ఊరి కుర్రాడొకడు మామ ఓడలో పనిచేస్తూ జ్వరంతో సముద్రం మీదే పోయాడు. అతని బట్టల పెట్టె ఇంటివాళ్లకు అప్పగించడానికి మామ స్వయంగా దిగాడు. ఓడను చూసి కుర్రాడి తల్లి చేపల కూర గిన్నెతో ఎదురొచ్చింది. ఆమె భాష ఈయనకు రాదు. ఆమె కళ్లు ఈయన వెనక ఎవరికోసమో వెతుకుతున్నాయి. మామ ఓడ వైపు చెయ్యి చూపి, వస్తున్నాడన్నట్టు సైగ చేశాడు. పెట్టె రేవు గుమాస్తా దగ్గర వదిలేసి లంగరెత్తించాడు. ఓడ కదిలినా ఆమె గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉందట.

“అంత పెద్ద ఓడ నడిపిస్త బిడ్డా, ఒక్క మాట చెప్పనీకి ధైర్యం రాలేదు,” అన్నాడు. మా మామ కళ్లు తుడుచుకోవడం నేను చూసింది అప్పుడే.

లేచి పక్కింటికి నడిచాడు. నాన్నమ్మ వెనక నుంచి వారిస్తూనే ఉంది. ఆయన అక్క ముందు కింద కూర్చుని, “చెల్లె, మీ నాయన పొద్దుగాలనే పోయిండు,” అన్నాడు. అక్క అరవలేదు. చేతిలోని పండును ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అలాగే పట్టుకుని ఉండిపోయింది. మామ ఓదార్చలేదు. ఆయనకు చేతకాలేదు కూడా. ఆమెతోపాటు బస్సెక్కాడు.

కర్మలు ముగిశాక తిరిగొచ్చిన అక్క, “బస్సులనే ఏడ్చుకున్న. అందుకే ఇంటికి పోయినంక అమ్మను పట్టుకోగలిగిన,” అని మా అమ్మతో చెప్పింది. నేను చెప్పిన అబద్ధం గురించి ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఇన్నేళ్లలో అలాంటి కబుర్లు నేను చాలా ఇళ్లకు మోసుకెళ్లాను. ఒక్కసారీ తేలిక కాలేదు. గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోతాయి. అయినా లోపలికెళ్లి, పక్కన కూర్చుని, ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ తర్వాత నేను చేయగలిగింది ఏమీ ఉండదు, లేచి వచ్చేయకుండా ఉండటం తప్ప.