ఒక్క ఊపిరి డాక్టరు

మా డాక్టర్ బాలచంద్ర గారికి మనిషి కనిపిస్తే చాలు, అంకెలు చెప్పించాలి. ఎవరైనా "నమస్కారం సార్" అంటే, "ఉండప్పా. నిండుగా గాలి పీల్చి, మళ్ళీ పీల్చకుండా ఒకటి నుంచి ఎంచు" అంటారు. ముప్పై దాటితే వదిలేస్తారు. దాటకపోతే ఆ మనిషి పని అయిపోయినట్టే.

పదకొండేళ్ళుగా ఆయన దగ్గర నర్సుని. నా కళ్ళముందే బస్సు కండక్టరు టికెట్టు అడగబోయి తానే అంకెలు ఎంచాడు. దిగాల్సినవాళ్ళ స్టాపు దాటిపోయింది. తనిఖీకి వచ్చిన అధికారి పద్దెనిమిది దగ్గర దగ్గి, తనిఖీ మానేసి ఎక్స్‌రే తీయించుకుని వెళ్ళాడు. తన పెళ్ళిచూపుల్లో, ఇప్పుడు ఆయన భార్య అయిన పంకజాక్షి గారు పాట పాడితే, "పాట సరే, ఎంచండి" అన్నారట ఈయన. ఆమె నలభై రెండు దాకా ఎంచారు. "ఆ ఊపిరితోనే ఇన్నేండ్లు నన్ను తిడతా ఉండాది" అని ఆయన గర్వం.

ఆయనది పుత్తూరు. "మా ఊర్లో ఎముకలు కట్టేవాళ్ళు చానామంది ఉండారు. ఊపిరి చూసేవాడు ఒకడన్నా ఉండల్ల గదా" అనేవారు. చెన్నైలో ఊపిరితిత్తుల మార్పిడి చేసే జట్టులో ఎనిమిదేళ్ళు పనిచేసి, తిరుపతి వచ్చేశారు.

ఒకసారి మా ల్యాబు చక్రధర్ పెళ్ళికి నాయుడుపేట వెళ్ళాం. డాక్టరు గారు పెళ్ళికొడుకుని వదిలేసి నేరుగా మేళం దగ్గరికి నడిచారు.

"విద్వాంసుడా, ఒక్క ఊపిరిలో ఎంచు."

నాదస్వరం గోవిందు నవ్వాడు. "నాతోనా సార్ పందెం?" పదకొండు దగ్గర ఆగిపోయాడు.

మేళమంతా నవ్వింది. డాక్టరు గారు వంగి, మెల్లగా అడిగారు. "ఎన్నాళ్ళుగా దాస్తా ఉండావు?"

"రెండేండ్లు సార్. పాటలో ఊపిరి ఎక్కువ పట్టే పెద్ద సంగతులన్నీ తమ్ముడికి వదిలేస్తా ఉండా. తెలిస్తే ఎవురూ మేళానికి పిలవరు."

పరీక్షల్లో తేలింది, అతని ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయి. ఏడాదిలో గోవిందు ఆక్సిజన్ సిలిండరు పక్కన పడ్డాడు. మార్పిడి ఒక్కటే దారి అని చెప్పినప్పుడు అతను అడిగింది ఒకటే. "ఆ తర్వాత ఊదగలనా సార్?"

"తెలీదప్పా. నాకు తెలిసి ఎవురూ రాసి పెట్టలా. మనిద్దరం చూసి రాద్దాం."

ఎనిమిది నెలలు ఎదురుచూశాక చెన్నైలో మార్పిడి జరిగింది. కోలుకున్నాక మొదట నాదస్వరం కొసకు బిగించే ఉత్త పీక ఊదాడు, తర్వాత వాద్యం. ఏడాది తిరిగేసరికి గోవిందు వాయించడమే కాదు, మార్పిడి అయిన మిగతా రోగులకూ మా వార్డులో ఊపిరి పట్టడం నేర్పాడు. వాళ్ళ నడక ఎంత పెరిగిందో డాక్టరు గారు వారం వారం కొలిచారు.

"పెళ్ళిళ్ళలో కూడా ఎంచమనడం ఎందుకు సార్, జనం నవ్వుతారు" అని ఒకరోజు అడిగేశాను.

"ఆస్పత్రికి రమ్మంటే భయపడతారు కృపారాణీ. ఎంచమంటే నవ్వుతా ఎంచుతారు. అందరూ నన్ను పిచ్చోడనుకుంటే, ఆ మనిషి జబ్బు సంగతి ఎవురికీ పట్టదు."

అప్పుడు గుర్తొచ్చింది. అంకెలు తగ్గినవాళ్ళ ఇళ్ళకి మర్నాడు ఏదో పనున్నట్టు వెళ్ళేది ఈయనే.

వార్డులో తీసిన ఆ కొలతలతో రాసిన పరిశోధన వ్యాసం విదేశీ వైద్య పత్రికకు వెళ్ళింది. రచయితల్లో రెండో పేరు గోవిందుది. ఇతని చదువేమిటని వాళ్ళు అడిగితే, "ముప్పై ఏళ్ళుగా ఊపిరితోనే బతుకుతున్న మనిషి. మాకు నేర్పింది ఆయనే" అని డాక్టరు గారు జవాబు రాశారు. వ్యాసం అచ్చయింది.

ఇప్పుడు గోవిందు మేళం కార్డు మీద పేరు కింద రెండు వరుసలుంటాయి: నాదస్వర విద్వాంసుడు, ఊపిరితిత్తుల పరిశోధకుడు. రెండో వరుస అక్షరాలే కాస్త పెద్దవి.