జవాబు తెలియని మనిషిని పిలిపించిన సారు

మా ల్యాబ్ సారు పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. వాళ్ళ ఊరు చిక్కసూగూరు వెళ్ళి చివరిచూపు చూసి వచ్చాను. అప్పటినుంచి ఏ పనికీ చెయ్యి ఆడడం లేదు.

రాయచూరు దగ్గర మా పవర్ స్టేషన్‌లో ఆయన పెద్ద కెమిస్టు. నేను గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినదాన్ని. ఏ ఫలితం చూపించినా మొదటి రోజు మెచ్చుకునేవారు కాదు. “రేపు గూడ గిట్లనే వస్తె చెప్పు బిడ్డా” అని జొన్నరొట్టె డబ్బా తెరిచేవారు. నాకు ఒళ్ళు మండేది.

బొగ్గు బూడిద కలిసిన నీళ్ళు మోసే పైపులు లోపల ఊరికే అరిగిపోయేవి. ఎపాక్సీ అనే గట్టిపడే జిగురులో ఆ బూడిదనే కలిపి, పైపు లోపలికి ఒక పూత తయారుచేసి పేటెంటుకి పెట్టాను. అందులో రెండు క్లెయిములు. అసలు బూడిద కలపాలన్న ఆలోచనే నాదని ఒకటి. బూడిద సగానికి సగం వేసి, రెండు విడతలుగా వేడిచేసి గట్టిపరిచే పద్ధతి నాదని రెండోది. పేటెంటు ఆఫీసు రెండు పాత పత్రాలు చూపించి, ఇవి చదివితే పని తెలిసినవాళ్ళెవరికైనా ఇదంతా తట్టేదే అని రాసింది. మూడేళ్ళ కష్టం! ఆ ఉత్తరం సారు బల్ల మీద విసిరినంత పని చేశాను.

“నా పూత చూశాకే కదండీ వాళ్ళకి తట్టింది!”

“కావచ్చు. జవాబు తెలిసినోళ్ళకు లెక్క అల్కగనే కనిపిస్తది. నీకు తెలుసు, నాకు తెలుసు. జరా ఆగు, తెల్వనోన్ని అడుగుదం.”

కొత్తగా బదిలీ మీద వచ్చిన పెయింటింగ్ ఇంజనీరుని పిలిపించారు. నా పూత సంగతి ఆయనకేమీ తెలియదు. నేను పూసిన ఇనుప పలకలన్నీ బీరువాలో దాచేసి, ఆ పాత పత్రాలు ఆయన చేతికిచ్చారు.

“పైపు అరగొద్దు. గీ రెండు చదివి ఏం చేస్తరో చెప్పుండ్రి.”

ఆయన టీ తాగుతూ చదివి, “ఎపాక్సీలో బూడిద కలుపుతానండి. దీనికంత ఆలోచనెందుకు?” అన్నాడు.

నా మొదటి క్లెయిము అక్కడే పోయింది. సారు నా వైపు చూడలేదు.

“ఎంత కలుపుతరు?”

“కొంచెమేనండి. ఎక్కువైతే పగులుద్దని ఇందులోనే రాశారు కదా.”

“సగానికి సగం ఏస్తె?”

ఇంజనీరు నవ్వాడు. “పూత ఉండదు సార్, పెచ్చులు మిగులుతాయి.”

సారు బీరువా తెరిచి నా పలక ఆయన చేతిలో పెట్టారు. ఆయన గోటితో గీకాడు, స్పానర్‌తో కొట్టాడు, వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాడు. “ఇదెలా నిలబడిందండీ?” అని నన్నే అడిగాడు.

ఆ మధ్యాహ్నమే జవాబు రాయడానికి కూర్చున్నాం. మొదటిది వదులుకోవాలంటే నాకు ప్రాణం ఒప్పలేదు. “రాసింది తప్పు గాదు బిడ్డా. నీది గాదు, గంతే” అన్నారు సారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. రెండోదానికి పేటెంటు వచ్చింది. ఆ రోజు ఆయన నన్ను మెచ్చుకుని ఊరుకుంటే, రెండూ నావేనని మొండిగా వాదించి రెండూ పోగొట్టుకునేదాన్ని. పేటెంటులో ఆయన పేరు కూడా పెడతానంటే ససేమిరా అన్నారు.

ఇందాక ఆనాటి జవాబు చిత్తుప్రతి తీశాను. మొదటి క్లెయిము మీద సారు స్కేలు పెట్టి ఎర్ర సిరాతో గీసిన గీత. ఒక్కటే గీత. దాని కింద నా రాత మొత్తం చదవొచ్చు. రెండుసార్లు చదివాను. ఎవరో రాసినట్టే ఉంది.